వచ్చిన అతిథి మళ్లీ రావాలంటే

మన ఇంటికి చుట్టాలు వస్తారు. కాళ్లకు నీళ్లిస్తాం. మంచం వాలుస్తాం. ఉన్నదాంట్లో వండి పెడతాం. వెళ్లేటప్పుడు వాళ్లని డబ్బు అడుగుతామా? అడగం.

ఇప్పుడు కొన్ని ఊళ్లకు ఇంకో రకం అతిథులు వస్తున్నారు. వాళ్లు మనకు చుట్టాలు కారు. డబ్బిచ్చి మన ఇంట్లో ఒక రాత్రో రెండు రాత్రులో ఉంటారు. మన వంట తింటారు. మన ఊరు చూస్తారు. వెళ్లిపోతారు. ఇలా అతిథులను ఉంచుకునే ఇంటిని హోంస్టే అంటున్నారు.

ఈ పనిలో వండేది ఎవరు? ఊడ్చేది ఎవరు? దుప్పట్లు ఉతికేది ఎవరు? చాలా ఇళ్లలో ఆడవాళ్లే. మరి ఆ కష్టానికి తగిన డబ్బు మన చేతికి రావాలి కదా! వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్లి, నలుగురికి చెప్పాలి కదా! అందుకు ఏం చెయ్యాలి? అరకు లోయను తీసుకుని చూద్దాం.

అరకుకు ఎందుకు వస్తారు?

అరకు విశాఖపట్నానికి సుమారు 115 కిలోమీటర్ల దూరం. సముద్రం కంటే సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. రైలు కొండల్ని తొలిచిన సొరంగాల్లోంచి వెళుతుంది. దారిలో బొర్రా గుహలు ఉన్నాయి. చలికాలంలో పొద్దున్నే లోయంతా మంచు కమ్ముతుంది. కాఫీ తోటలు ఉన్నాయి. దసరా నుంచి సంక్రాంతి దాకా జనం బాగా వస్తారు.

వీళ్లకి పెద్ద హోటళ్లు తెలియనివి కావు. పట్నంలో అవే ఉంటాయి. పల్లెలో ఇల్లు వెతుక్కుని వచ్చేవాళ్లు పల్లె కోసమే వస్తారు. అందుకే మన ఇంటిని హోటలులా మార్చక్కర్లేదు. అప్పు చేసి టైల్స్ వెయ్యక్కర్లేదు. ఇల్లు శుభ్రంగా ఉండాలి. మాట నిజంగా ఉండాలి. అతిథి గుర్తు పెట్టుకునేది ఈ రెండూ.

ముందే నిజం చెప్పాలి

అతిథి రాకముందే ఫోన్‌లో అడుగుతాడు. అప్పుడే ఉన్నదున్నట్టు చెప్పాలి.

"అమ్మా, వేడినీళ్లు వస్తాయా?"

"గీజరు లేదు బాబూ. పొయ్యి మీద కాచి బకెట్టుతో ఇస్తాం."

"కారు ఇంటిదాకా వస్తుందా?"

"రాదు బాబూ. రోడ్డు మీద ఆపాలి. పది నిమిషాల నడక. మా అబ్బాయి ఎదురొచ్చి తీసుకొస్తాడు."

"మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. మరుగుదొడ్డి ఎలాంటిది?"

"కింద కూర్చునేదే ఉంది. కుర్చీలాంటిది లేదు. ఆలోచించుకుని చెప్పండి."

ఇలా చెబితే ఒకరిద్దరు రాకపోవచ్చు. పోనివ్వండి. వచ్చినవాళ్లు మాత్రం తెలిసి వస్తారు. "కారు గుమ్మం దాకా వస్తుంది" అని చెప్పామనుకోండి. ఆ ముసలమ్మ సంచీ మోసుకుంటూ నడిచి వస్తుంది. ఇక మనం ఎంత బాగా వండినా ఆమె నోటికి రుచించదు.

ఫోన్ సిగ్నలు అందదా? అదీ చెప్పాలి. కరెంటు పోతుందా? అదీ చెప్పాలి. ధర ఎంత, అందులో భోజనం ఉందో లేదో ముందే చెప్పాలి. వెళ్లేటప్పుడు కొత్త లెక్క తియ్యకూడదు.

గదిలో ఏమేం ఉండాలి?

ఖరీదైన వస్తువులు వద్దు. ఇవి ఉంటే చాలు.

- ఉతికి ఎండలో ఆరేసిన దుప్పట్లు, దిండు కవర్లు. ప్రతి కొత్త అతిథికీ మార్చాలి. మంచానికి మూడు జతలు ఉంటే మంచిది. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి పెట్టెలో.
- చలికి మందపాటి రగ్గు. ఒకటి ఎక్కువే పెట్టాలి.
- దోమతెర. మన్యంలో మలేరియా ఉంది. చిరుగులు ఉంటే కుట్టాలి.
- తలుపుకి లోపలి నుంచి గట్టి గడియ. కిటికీకి పరదా.
- బట్టలు తగిలించడానికి నాలుగు మేకులు. ఒక అద్దం.
- మరుగుదొడ్డిలో నిండుగా నీళ్లు, బకెట్టు, మగ్గు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట.
- మరుగుదొడ్డి దాకా రాత్రి వెలిగే లైటు. కరెంటు పోతే టార్చిలైటు.
- మరగకాచి చల్లార్చిన తాగునీళ్లు. మూత పెట్టిన బిందెలో, తియ్యడానికి కాడ ఉన్న గరిటెతో.

మరుగుదొడ్డి కంపు కొడితే మిగతావన్నీ దండగే. రోజుకు రెండుసార్లు కడగాలి. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడు" అంటారు. ఆ సామెత ఇల్లాలినే అంటుంది. కానీ కడగడం ఇంట్లో అందరి పని. మగవాళ్లూ చెయ్యాలి.

గుమ్మంలోకి వచ్చాక

ముందు మంచినీళ్లివ్వండి. మీ పేరు చెప్పండి. వాళ్ల పేరు అడగండి. గది చూపించండి. మరుగుదొడ్డి ఎక్కడో, స్విచ్చి ఎక్కడో చూపించండి. తరవాత కాసేపు వదిలెయ్యండి. ప్రయాణం చేసి వచ్చినవాళ్లకు నడుం వాల్చాలని ఉంటుంది.

వండే ముందు అడగండి. కారం ఎంత తింటారు? మాంసం తింటారా? చిన్నపిల్లలకు ఏం పెట్టాలి? షుగరు ఉన్నవాళ్లు ఉన్నారా? అడిగి వండితే పారబోసేది తగ్గుతుంది. అతిథికీ తనని పట్టించుకున్నారనిపిస్తుంది.

మనం ఏం వండాలి? పట్నంలో దొరికే నూడుల్స్ వండక్కర్లేదు. రాగి అంబలి పెట్టండి. సామ అన్నం పెట్టండి. మన్యంలో పండే రాజ్మా వండండి. బొంగు చికెన్ అడిగేవాళ్లు చాలామంది. మసాలా పట్టించిన కోడి కూరను పచ్చి వెదురు బొంగులో కూరి, మంట మీద కాలుస్తారు. నూనె వెయ్యక్కర్లేదు. అది కాలుతుంటే చూడటమే అతిథులకు వేడుక.

కాఫీ సంగతీ అంతే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెందుతుంది. పట్నంవాళ్లు రోజూ కాఫీ తాగుతారు. కానీ కాఫీ పండు ఎర్రగా ఉంటుందని చాలామందికి తెలియదు. చలికాలంలో పళ్లు కోస్తారు. అప్పుడు అతిథిని తోటకు తీసుకెళ్లండి. నీడ చెట్లు చూపించండి. వాటికి పాకిన మిరియాల తీగ చూపించండి. పండు కోయడం, తొక్క తియ్యడం, గింజ ఎండబెట్టడం చూపించండి. ఆ గింజే వేయించి, దంచి, కాఫీ కలిపి ఇవ్వండి. మనకు అది రోజూ చేసే పని. వాళ్లకు అది ఇంటికెళ్లి పదిమందికి చెప్పుకునే కబురు.

ఏదైనా తేడా వస్తే? మోటారు పాడైంది, నీళ్లు రాలేదు అనుకుందాం. దాచకండి. "మోటారు పాడైంది. బావి నుంచి తెస్తున్నాం. అరగంట ఓపిక పట్టండి" అని చెప్పండి. చెప్పినట్టే అరగంటలో తెచ్చి ఇవ్వండి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

ఊరి మర్యాద కూడా ముఖ్యం

అతిథి మన ఇంటికి వస్తాడు. కానీ తిరిగేది ఊరంతా. అందుకే కొన్ని సంగతులు ముందే చెప్పాలి. అడగకుండా ఆడవాళ్ల ఫోటోలు తియ్యకూడదు. పిల్లల చేతికి డబ్బులివ్వకూడదు. పూజ జరిగే చోటికి పెద్దల్ని అడగకుండా వెళ్లకూడదు. థింసా ఆడమని అడిగితే, ఆడే ఆడవాళ్లకు ముందే కూలి మాట్లాడాలి. పగలంతా పని చేసి వచ్చిన వాళ్లు ఊరికే ఎందుకు ఆడాలి?

మన భద్రత మాటేమిటి?

అతిథి దేవుడే కావచ్చు. అయినా పేరు రాసుకోవాలి. ఒక రిజిస్టరు పెట్టండి. పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన తేదీ, వెళ్లే తేదీ రాయండి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూడండి. కార్డు మీది పేరూ రిజిస్టరులో పేరూ ఒకటేనా? మీరే చదివి చూసుకోండి. విదేశీయులు వస్తే 24 గంటల్లోపు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలపాలి. ఇది చట్టం. ఎలా తెలపాలో పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోండి.

ఇంట్లో ఒంటరిగా ఉన్న రోజు అతిథులను ఒప్పుకోకండి. లేదా తోడుకు ఇంకో అక్కను పిలుచుకోండి. పక్కింటివాళ్లకు చెప్పి ఉంచండి. తాగి గొడవ చేసేవాళ్లను వెళ్లిపొమ్మనే హక్కు మీకుంది. ఆపద వస్తే 112కు ఫోన్ చెయ్యండి. మహిళల సహాయానికి 181. జబ్బు చేస్తే 108. ఈ నంబర్లు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. అతిథికీ పనికొస్తాయి.

లెక్క చూసుకుందాం

ఇద్దరు అతిథులు ఒక రాత్రి ఉన్నారనుకుందాం. గదికి 800 రూపాయలు. భోజనం, టిఫినుకి 600. మొత్తం 1400. ఇదంతా లాభమా? కాదు. ఖర్చులు ఇలా ఉన్నాయనుకుందాం.

కోడి, బియ్యం, కూరలు: 350
పాలు, కాఫీ, టిఫిను: 120
సబ్బు, ఫినాయిలు: 40
కరెంటు: 40
అతిథిని పంపిన కంపెనీకి కమీషను, నూటికి పది: 140
దుప్పట్లు, రిపేర్ల కోసం దాచేది: 100
మొత్తం ఖర్చు: 790

మిగిలేది 610. ఇది తెల్లారుజామున లేచి రాత్రి దాకా చేసిన మన చాకిరీకి కూలి. ఇప్పుడు అతిథి బేరమాడి 1000కి ఒప్పించాడనుకోండి. కమీషను 100 అవుతుంది. ఖర్చు 750. మిగిలేది 250. ఇచ్చిన తగ్గింపు అంతా దాదాపు మన కూలిలోంచే పోయింది. చూశారా? అందుకే లెక్క రాయకుండా ధర తగ్గించకూడదు.

ఈ డబ్బు మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలో పడాలి. ఫోన్‌కు వచ్చే ఓటీపీ నంబరు ఎవరికీ చెప్పకండి. వానాకాలంలో అతిథులు తగ్గుతారు. కాబట్టి దీన్నే నమ్ముకుని పొలం, తోట పని మానుకోకండి.

కాగితం చదవకుండా సంతకం వద్దు

అతిథులు పెరిగితే బయటివాళ్ల కన్ను మన స్థలం మీద పడుతుంది. "అమ్మా, మీ స్థలం లీజుకివ్వండి. మేం గుడారాలు వేస్తాం. నెలకు ఇంతిస్తాం" అంటారు. జాగ్రత్త! అరకు షెడ్యూల్డు ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ఉంది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు అమ్మడం, తాకట్టు పెట్టడం, లీజుకివ్వడం చెల్లదు. స్థలం పోతే అతిథి ఇల్లు పోతుంది. మన ఊళ్లో మనమే గిన్నెలు తోమే కూలీలం అవుతాం. ఏ కాగితమైనా మొత్తం చదవండి. అర్థం కాకపోతే సంఘంలో చదివించుకోండి. ఆ తరవాతే సంతకం.

సాయం ఎక్కడ దొరుకుతుంది?

కేంద్ర ప్రభుత్వానికి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అనే పథకం ఉంది. యజమాని కుటుంబం ఉంటున్న ఇంట్లో ఒకటి నుంచి ఆరు గదుల దాకా అతిథులకు ఇవ్వొచ్చు. ఇంటిని చూసి గోల్డ్, సిల్వర్ అని గుర్తింపు ఇస్తారు. 2024లో గిరిజన గ్రామాల కోసం ఒక పథకం ప్రకటించారు. 1000 హోంస్టేలకు సాయం చెయ్యాలన్నది అందులో ఒక లక్ష్యం. కొత్తగా కట్టుకోవడానికి 5 లక్షల దాకా, ఉన్నది బాగు చేసుకోవడానికి 3 లక్షల దాకా అని చెప్పారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో హోంస్టేలకు ముద్రా రుణాలు ఇస్తామన్నారు. మీ ఊరికి ఏది వర్తిస్తుందో ఐటీడీఏ ఆఫీసులో, పర్యాటక శాఖలో అడగండి.

ఆడవాళ్లు ఇది చెయ్యగలరా అని ఎవరైనా అంటే గుజరాత్ సంగతి చెప్పండి. అక్కడ సేవా అనే మహిళా సంఘం ఉంది. 1972లో పుట్టింది. 2016లో అది ఎయిర్‌బిఎన్‌బి అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. పల్లెటూరి ఆడవాళ్లకు అతిథులను ఉంచుకోవడంలో శిక్షణ ఇప్పించింది.

వెళ్లిన అతిథి ఫోన్‌లో నక్షత్రాలు వేసి అభిప్రాయం రాస్తాడు. కొత్తవాళ్లు అది చదివి వస్తారు. మీరూ చదవండి. "దుప్పటి శుభ్రంగా ఉంది, దారి చీకటిగా ఉంది" అని రాశాడా? మర్నాడే దారిలో ఒక లైటు పెట్టండి.

ఆలోచించండి

1. మీ ఊరికి బయటివాళ్లు వస్తే ఏం చూపిస్తారు? ఏం వండి పెడతారు?
2. మీ ఇంట్లో ఒక రాత్రికి ఎంత ఖర్చవుతుంది? కాగితం మీద లెక్క రాయండి.
3. అతిథులకు ఊరు పెట్టాల్సిన నియమాలు ఏమిటి? సంఘంలో మాట్లాడుకుని ఐదు రాయండి.