పాత పికప్పులో గాలిదారి, నీటిదారి

బండి పాతబడిందంటే మనవాళ్ళు ముందు ఇంజను సంగతి అడుగుతారు. తర్వాత టైర్లు, ఆ తర్వాత మైలేజీ. కేబినులోకి గాలి ఎట్లా వస్తున్నది, ఆ గాలి వెంబడి ఇంకేమేమి వస్తున్నవి అని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ రోడ్ల మీద పండ్లు, కూరగాయలు, సిమెంటు, ఇంటి సామాన్లు మోసే పాత పికప్పులు ఎన్ని తిరుగుతున్నాయో అందరికీ తెలుసు. ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చేసరికి వాటిలో చాలా బండ్లలో ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట నీళ్ళు నిలుస్తాయి. డ్రైవరు ఒక గోనెసంచి పరిచి ఊరుకుంటాడు. అది నానితే ఇంకొకటి. మా చిన్నాయన బండి కూడా అదే బాపతు కాబట్టి, ఆ గోనెసంచి తీసి చూసే పని నా మీద పడింది. అట్లా తెలిసిన సంగతులను ఫిజిక్సు క్లాసులో విన్నవాటితో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు దారి ఎక్కడుందో చూద్దాం. ముందు అద్దం కింద, బానెట్టు వెనక అంచుకు ఆనుకొని, వైపర్లు ఉండే చోట ఒక జాలీ ఉంటుంది. దాని కింద బండి వెడల్పునా అడ్డంగా రేకుతో చేసిన తొట్టి. మెకానిక్కులు ఆ భాగాన్నంతా కలిపి కౌల్ అంటారు. బయటి గాలి జాలీలోంచి ఈ తొట్టిలోకి దిగి, అందులో ఒకవైపున్న రంధ్రం గుండా బ్లోయరు డబ్బాలోకి, అక్కణ్ణుంచి డాష్‌బోర్డు లోపలి గొట్టాల్లోకి పోతుంది.

గాలికి నోరు అక్కడే ఎందుకు తెరిచారంటే, దానికో లెక్క ఉంది. బండి పరుగెత్తేటప్పుడు ఎదురుగాలి బానెట్టు మీదుగా వచ్చి అద్దం మొదట్లో తట్టుకొని వేగం తగ్గుతుంది. వేగం తగ్గినచోట ఒత్తిడి పెరుగుతుందని బెర్నూలీ సూత్రం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 16.7 మీటర్లు. ఆ వేగంలో గాలి పూర్తిగా ఆగిపోయినచోట పెరిగే ఒత్తిడి సుమారు 167 పాస్కల్‌లు. నీటిమట్టంలో చెప్పాలంటే 17 మిల్లీమీటర్లు. అద్దం మొదట్లో గాలి పూర్తిగా ఆగదు కనుక అంతకంటే కొంత తక్కువే అనుకోండి. అయినా పంకా తిప్పకుండానే గాలి లోపలికి రావడానికి అది చాలు.

మరి గాలికి తెరిచిన నోరు వానకు మూసి ఉంటుందా? ఉండదు. చాలామంది పొరపడేది ఇక్కడే. తొట్టిలోకి నీళ్ళు రావడం లోపం గాదు, వస్తాయని తెలిసే దాన్ని అట్లా చేశారు. గాలి పోయే రంధ్రం చుట్టూ రేకును గట్టులాగా కొంచెం ఎత్తుగా లేపి, తొట్టి రెండు చివర్లా అడుగున నీళ్ళు పోయేందుకు తూములు పెట్టారు. మన ఊళ్ళ చెరువు ఏర్పాటే ఇది. నీళ్ళు వస్తాయి, తూముల గుండా చక్రాల వెనకగా నేల మీదికి పోతాయి, గట్టు దాటవు. తూము పూడిందా, గట్టు దాటతాయి. గట్టుకు అవతల ఉన్నది బ్లోయరు!

సరూర్‌నగర్ చెరువు దిగువన ఉండేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 13 రాత్రి వానకు కోదండరాంనగర్ వంటి కాలనీల్లో ఇళ్ళలోకే నీళ్ళొచ్చాయి. ఎంత కురిసిందన్నది ఒక ప్రశ్న, పోయే దారి ఎంత మిగిలిందన్నది ఇంకో ప్రశ్న. పికప్పు తొట్టిలో మనం అడగవలసింది ఆ రెండోదే.

అంకెల్లో చూస్తే మరీ తేటపడుతుంది. అద్దమూ జాలీ కలిసి ఒక చదరపు మీటరు అనుకుందాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే అక్కడ పడే నీళ్ళు గంటకు 50 లీటర్లు. మా చిన్నాయన బండి తూములను గుడ్డతో మూసి తొట్టిలో మగ్గుతో కొలిచి పోస్తే, నాలుగు లీటర్లు దాటగానే నీళ్ళు లోపలికి దిగాయి. అంటే తూములు మూసుకుపోయిన బండి అంత పెద్ద వానను అయిదు నిమిషాలు కూడా కాయలేదు. ఇప్పుడు తూము సంగతి. 12 మిల్లీమీటర్ల రంధ్రం మీద అయిదు సెంటీమీటర్ల నీళ్ళు నిలిస్తే, టారిసెల్లీ సూత్రం ప్రకారం నీరు సెకనుకు సుమారు ఒక మీటరు వేగంతో దూకుతుంది. రంధ్రం అంచున ధార సన్నబడే తరుగు తీసేసినా నిమిషానికి నాలుగు లీటర్లు, గంటకు 240 లీటర్లు పోతాయి. ఒక్క తూము శుభ్రంగా ఉంటే ఆ వానకు నాలుగింతలు వచ్చినా భయం లేదన్నమాట. అదే తూములో మట్టి పేరుకొని దారి 3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతే, వైశాల్యం పదహారో వంతు. గంటకు 15 లీటర్లే. పైనుంచి చూస్తే నీళ్ళు కారుతున్నట్టే ఉంటుంది. కారుతున్నది గదా అని వదిలేస్తే లోపల మునుగుతుంది.

ఎప్పుడూ ఎడమ సీటు ముందే ఎందుకు తడుస్తుంది? మనం బండిని రోడ్డుకు ఎడమ అంచున ఆపుతాం. రోడ్డు నడుమ ఎత్తు, అంచు పల్లం. అంచేత ఆగి ఉన్న బండి కొంచెం ఎడమకే ఒరిగి ఉంటుంది. ఆకు, మట్టి, నీళ్ళు అన్నీ అటే చేరి ఆ తూమునే ముందు పూడుస్తాయి. పోనీ బ్లోయరన్నా కుడివైపు ఉందా అంటే, అక్కడ స్టీరింగు ఉంది కాబట్టి చాలా బండ్లలో బ్లోయరునూ ఎడమకే పెడతారు. గట్టు దాటిన నీరు తిన్నగా మోటారు మీద, దాని వైర్ల మీద పడుతుంది. పంకా కూత పెట్టడం, ఒక్క నంబరు మీదనే తిరగడం, ఫ్యూజు మాటిమాటికీ పోవడం, చాలాసార్లు ఈ నీటి చలవే. మోటారు మార్చి తూము వదిలేస్తే కొత్త మోటారుకూ అదే గతి.

తొట్టిలోకి చేరే చెత్తలో మన ప్రాంతం ముద్ర కనిపిస్తుంది. పెద్ద ఆకులు జాలీ మీదే ఆగిపోతాయి, వాటితో పేచీ లేదు. చింతాకు, ఉగాది వేళ రాలే వేపపూత, నిద్రగన్నేరు ఆకులు సన్నవి. జాలీ సందుల్లోంచి జారిపోతాయి. వాటికి తోడు మామిడికాయల కింద పరిచే వరిగడ్డి. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్ళు, అక్కడ లోడింగు చేసిన బండ్ల జాలీల్లో ఆ గడ్డి పోచలు ఉండవలసిందే. మార్కెట్టు బాటసింగారం పోయాక గడ్డి కూడా దానితోపాటే పోయింది, బండ్లు మాత్రం ఇక్కడివే. మేము తీసిన చెత్తలో అన్నిటికంటే అడుగున బూడిదరంగు పెళ్ళ ఒకటి గట్టిపడి ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24న మొదలైంది. అంతకుముందు ఏళ్ళ తరబడి సాగిన స్తంభాల పని దుమ్ము అదేనని మా చిన్నాయన అంటాడు. జియాలజీ మిత్రులు వచ్చి పొరలు లెక్కపెట్టవచ్చు.

ఇక మరమ్మతు. వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రీ దగ్గరికి బండి తీసుకుపోయాం. వచ్చేటప్పుడే చిన్నాయన సీలెంటు ట్యూబు కొనుక్కొచ్చాడు. మేస్త్రీ దాన్ని చూసి నవ్వాడు.

"అన్నా, అది పక్కకు పెట్టు. నీళ్ళు కనబడ్డకాడికెళ్ళి వస్తలేవు. ఎక్కడికెళ్ళి వస్తున్నయో ముందు దొరకబట్టాలె. తమ్మీ, నువ్వు లోపల కూసో, టార్చి పట్టుకో."

ఆయన పద్ధతి చెబుతాను, ఎవరైనా ఇంటి దగ్గర చేసుకోవచ్చు. కింద పరిచినవన్నీ తీసేసి, నేల తుడిచి, పాత వార్తాపత్రికలు పరచాలి. డాష్‌బోర్డు కింద, అడ్డురేకు మీద సుద్దపొడి చల్లాలి. నీటిచుక్క దిగిన దారి సుద్దలో గీత గీసినట్టు పడుతుంది. బయటి మనిషి గొట్టంతో నీళ్ళు కిందినుంచి పైకి పట్టుకుంటూ రావాలి: ముందు తొట్టిలోకే, అయిదు నిమిషాలు, తర్వాత అద్దం కింది రబ్బరు బీడింగు, తర్వాత పక్కలు, చివరికి పైకప్పు. మొదటే పైనుంచి పోస్తే నీళ్ళు అన్ని చోట్లకీ జారి ఏది ఎక్కణ్ణుంచో తెలియదు. ప్రెషరు పైపు కొట్టకూడదు. అంత ఒత్తిడికి మంచి బీడింగు కూడా లొంగుతుంది. తొట్టిలో పోసినప్పుడే లోపల తడిస్తే తూమో, తొట్టి అతుకో. బీడింగు దగ్గరికి వచ్చాక తడిస్తే అద్దం. మా బండిలో రెండూ ఉన్నాయి.

శుభ్రం చేయడంలో వరస ముఖ్యం. కంప్రెసరు గాలి మొదటే కొడితే చెత్తంతా బ్లోయరులోకి పోతుంది. వైపర్లు, జాలీ విప్పి, గాలి రంధ్రాన్ని గుడ్డతో మూసి, చెత్తను ముందు చేత్తో తీయాలి. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఎందుకంటే పండ్ల వాసనకు ఎలుకలు వచ్చి బ్లోయరు డబ్బాలో గూడు కడతాయి; ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. గూడు కనిపిస్తే క్రిమిసంహారక మందు నీళ్ళతో తడిపి తీయాలి, పొడిగా ఉన్నప్పుడు దులపకూడదు. తర్వాత నీళ్ళు పోసి తూములు పారుతున్నవో లేదో చూడాలి. కొన్ని బండ్లలో తూము చివర పెదవుల్లాంటి రబ్బరు మూత ఉంటుంది. లోపలి నీళ్ళను పోనిస్తుంది, కింది దుమ్మును, పొగను రానివ్వదు. 2020లో మునిగిన బండ్లలో ఆ పెదవుల మధ్య బురద ఎండి అతుక్కుపోయి ఉండవచ్చు. వేళ్ళతో నలిపి విడదీయాలి, పెళుసైతే కొత్తది వేయాలి. అడ్డం అని కోసి పారేసేవాళ్ళున్నారు. అది మంచిది గాదు, కారణం కింద చెబుతాను.

చెత్త కింద తడి ఆరదు గనుక అక్కడ తుప్పు ఖాయం. తీగబ్రష్షుతో గీకి మెరిసే రేకు కనిపించేదాకా పోవాలి, రెడాక్సైడు ప్రైమరు వేయాలి, అతుకుల్లో రేకుపనికి వాడే పాలియురెథేను సీలెంటు నింపాలి. వేలు దూరే చిల్లి పడితే డెంటరు చేత రేకు ముక్క వెల్డింగు చేయించడమే, పూతలతో ఆగదు. చిన్నాయన తెచ్చిన ట్యూబును మేస్త్రీ ఎందుకు వద్దన్నాడో కెమిస్ట్రీవాళ్ళు చెప్పగలరు. మూత తీస్తే వెనిగరు వాసన వచ్చే సిలికోను ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. రేకు మీద ఆమ్లం! నీరు ఆగినట్టే ఉంటుంది, దాని కింద తుప్పు నడుస్తుంటుంది. ఇంకొందరు ఏకంగా తూములనే సీలెంటుతో మూసి, లీకు బందయిందని పంపిస్తారు. ఆ బండి తొలి వానకే తిరిగి వస్తుంది.

లోపలి నీళ్ళన్నీ వాననీళ్ళే కానక్కరలేదు. ఎండాకాలంలో తడిస్తే ఏసీ కాయిలు మీది చెమట; పావుగంట ఏసీ వేసి బండి కింద చుక్కలు పడుతున్నవో లేదో చూస్తే సరి. పడకపోతే దాని గొట్టం పూడింది. ఇనుపతీగ పొడిస్తే కాయిలుకు చిల్లి పడవచ్చు, మెల్లగా గాలి ఊదాలి. నీరు జిగటగా, తియ్యని వాసనతో ఉండి, అద్దం మీద నూనెపొరలాంటిది కడుతుంటే అది హీటరులోంచి కారే కూలెంటు. దాన్ని నాకి చూడకూడదు, విషం.

ఇప్పుడు పొగ సంగతి. ఇది నీటికంటే పెద్దది. కౌల్ జాలీకి, ఇంజను గదికి మధ్య ఉన్న అడ్డు బానెట్టు వెనక అంచున ఒక్క రబ్బరు బీడింగు మాత్రమే. పాత బండ్లలో అది ఎండి, ఊడి, ఎక్కడో పోయి ఉంటుంది. మానిఫోల్డు గాస్కెటు దగ్గర పొగ లీకవుతుంటే, ఆ పొగ బానెట్టు సందులోంచి జాలీలోకి, అక్కణ్ణుంచి బ్లోయరు ద్వారా మనిషి ముఖం మీదికి వస్తుంది. తూము మూత లేకపోతే అది ఇంకో దారి. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబినును ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు, గ్యాసు బండ్లలో ఎక్కువ. డీజిలు బండిలో తక్కువే గాని లేకపోలేదు. పరుగెత్తే బండిలో గాలి మారుతుంటుంది. రాత్రి లోడు కోసం ఆగి, అద్దాలెత్తి, ఇంజను నడుస్తుండగా బ్లోయరు వేసుకొని నిద్రపోయే డ్రైవరుకు ఆ అదృష్టం లేదు. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం వస్తే నిద్ర చాలలేదనుకుంటాడు. కిటికీలు తెరిచి కిందికి దిగవలసిన సమయమది.

మేస్త్రీ చివరికి చేసిన పని ఇదే. మా నోటుబుక్కు కాగితం చీల్చి, బానెట్టు అంచున పెట్టి మూత వేసి, బయటికి లాగాడు. పట్టుగా వస్తే బీడింగు బాగున్నట్టు, జారి వస్తే అక్కడ సందున్నట్టు. ఈ చివర నుంచి ఆ చివర దాకా పది చోట్ల లాగితే ఆరు చోట్ల జారింది. కొత్త బీడింగు వేసి, గాస్కెటు మార్చి, మర్నాడు మళ్ళీ కాగితం పెట్టి చూశాం. ఇంజను నడుస్తుండగా మాత్రం కేబినులో పడుకోవద్దని మేస్త్రీ చిన్నాయనతో రెండుసార్లు చెప్పాడు.