పున్నమి చంద్రుణ్ని వదిలేయండి: టెలిస్కోపు అపోహలు – వాస్తవాలు

కొత్త టెలిస్కోపు డబ్బా మీద అచ్చేసిన బొమ్మల్లో చాలావాటిని ఆ టెలిస్కోపు చూపించలేదు. ఎర్రగా మండే నీహారికలు, సుడి తిరిగిన గెలాక్సీలు చూసి ఆశపడి కొన్నవాళ్లు కొద్ది రోజులకే దాన్ని అటకెక్కించడం మామూలే. నిజానికి పరికరం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఈ రాత్రి, మా ఊరి నుంచి, నా చేతిలో ఉన్న దానితో ఏది బాగుంటుందని అడక్కుండా, పేరుమోసిన వాటి వెంట పడడంతోనే చిక్కు మొదలవుతుంది.

అపోహ: చంద్రుణ్ని చూడాలంటే పున్నమి రాత్రే చూడాలి

పున్నమి నాడు ఎండ మన వీపు వెనక నుంచి వచ్చినట్టు చంద్రుడి మీద తిన్నగా పడుతుంది. నీడలు ఉండవు. నీడ లేనిచోట గుంటకీ గుట్టకీ తేడా తెలీదు. కళ్లు జిగేలుమనడం తప్ప ఏమీ మిగలదు. చూడాల్సింది వెలుగూ చీకటీ కలిసే అంచుని. అక్కడ చంద్రుడి మీద అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. ఆ ఏటవాలు ఎండలో చిన్న గుట్ట కూడా బారెడు నీడ పరుస్తుంది.

ఈ విషయంలో మనకి గోడ మీది క్యాలెండరే పెద్ద సాయం. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అంటే తిథి చూస్తే వెలుగు అంచు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేయవచ్చు. శుక్ల షష్ఠి సాయంత్రం థియోఫిలస్ బిలం ఆ అంచు దగ్గర ఉంటుంది. అష్టమి దాటేసరికి ఎపినైన్ పర్వతశ్రేణి ఎండలోకి వస్తుంది. దశమికి 93 కిలోమీటర్ల వెడల్పున్న కోపర్నికస్, మెట్లు మెట్లుగా లోపలికి దిగే గోడలతో సహా కనిపిస్తుంది. పున్నమికి ఒక్క లాభం ఉంది: టైకో బిలం నుంచి నలువైపులా చిమ్మిన తెల్లటి చారలు అప్పుడే స్పష్టంగా తెలుస్తాయి. గెలాక్సీలకీ నీహారికలకీ మాత్రం వెన్నెల శత్రువు. వాటిని అమావాస్య దగ్గరి రాత్రులకు అట్టిపెట్టుకోవాలి.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దది చేస్తే అంత బాగా కనిపిస్తుంది

డబ్బా మీద 525 రెట్లు అని గొప్పగా రాసి ఉండవచ్చు. ముందున్న కటకం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. దానికి రెట్టింపు దాటాక పెరిగేది మసకే. 60 మిల్లీమీటర్ల టెలిస్కోపుకి 120 రెట్లు హద్దు. గాలి నిలకడగా లేని రాత్రి అదీ అందదు. ఇక నక్షత్రాల సంగతి: ఎన్ని రెట్లు పెంచినా అవి చుక్కల్లాగే ఉంటాయి. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో సుమారు 3 డిగ్రీల పొడవున పరుచుకుని ఉంటుంది, అంటే ఆరు పున్నమి చంద్రుళ్లను వరసగా పేర్చినంత. దాన్ని 100 రెట్లలో వెతికితే దొరికేది నడిమి ముక్క. మంచి బైనాక్యులర్స్ ఉంటే ఆ రాత్రికి టెలిస్కోపుని పక్కన పెట్టేయడమే మేలు.

అపోహ: ప్రకాశం అంకె చూసి ఎంచుకుంటే చాలు

పుస్తకాల్లో, ఫోను యాప్‌లలో ప్రతి ఖగోళ వస్తువు పక్కనా ఒక మ్యాగ్నిట్యూడ్ అంకె ఉంటుంది. అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. ట్రయాంగులం గెలాక్సీది 5.7, రింగ్ నెబ్యులాది 8.8. లెక్క ప్రకారం గెలాక్సీ వెలుగు 17 రెట్లు ఎక్కువ. తీరా చూస్తే రింగ్ నెబ్యులా చిన్న టెలిస్కోపులో కూడా బూడిదరంగు ఉంగరంలా దొరుకుతుంది, గెలాక్సీ మాత్రం చీకటి పల్లెల్లో సైతం సతాయిస్తుంది. చెంచాడు నెయ్యి ఒక ముద్దలో కలిపితే రుచి తెలుస్తుంది, గుండిగెడు అన్నంలో కలిపితే ఏం తెలుస్తుంది? ఆ అంకె మొత్తం నెయ్యి ఎంతో చెబుతుంది, ఎంత అన్నంలో కలిసిందో చెప్పదు. ట్రయాంగులం వెలుగంతా పున్నమి చంద్రుడికి రెట్టింపు పొడవున పలచబడిపోయింది. రింగ్ నెబ్యులా వెలుగు ఒక డిగ్రీలో అరవయ్యో వంతుకి కాస్త మించిన చోటులో ముద్దకట్టి ఉంది. అందుకే అంకెతో పాటు పరిమాణం కూడా చూసుకోవాలి. అభిజిత్తు పక్కన, వీణ రాశి అడుగున ఉన్న రెండు నక్షత్రాల నడుమ వెతకండి, ఆ ఉంగరం దొరుకుతుంది.

అపోహ: ఫొటోలోని రంగులన్నీ కంటికి కనిపిస్తాయి

కెమెరా నిమిషాలూ గంటలూ వెలుగుని పోగుచేస్తుంది, కన్ను చేయలేదు. పైగా మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగులు తెలియవు. ఒరాయన్ నీహారిక కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు మబ్బులా ఉంటుంది. అలా చూసినా అందమే అంటాను నేను. రంగులే కావాలంటే జంట నక్షత్రాల దగ్గరికి వెళ్లాలి. హంస రాశిలోని ఆల్బిరియోలో ఒకటి బంగారు పసుపు, రెండోది నీలం.

అపోహ: నగరంలో ఉంటే టెలిస్కోపు దండగ

గెలాక్సీల మాటకొస్తే ఇందులో కొంత నిజముంది. చంద్రుడు, గురుడు, శని, జంట నక్షత్రాలకి మాత్రం వీధిదీపాలు పెద్ద అడ్డు కాదు. మన పెళ్లిళ్లలో చూపించే అరుంధతినే తీసుకోండి (పెళ్లి పట్టపగలైనా పురోహితుడు వేలు చూపిస్తాడు, వధూవరులు కనిపించిందని తలూపుతారు). సప్తర్షి మండలం తోకలో నడిమి నక్షత్రం వశిష్ఠుడు, పక్కనే సన్నగా అరుంధతి. 50 రెట్లలో చూస్తే వశిష్ఠుడే మళ్లీ రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. హైదరాబాద్ డాబా మీంచి కూడా ముగ్గుర్నీ ఒకే చూపులో పట్టుకోవచ్చు.

అపోహ: గ్రహాలు ఎప్పుడు చూసినా ఒకటే

ఆగస్టులో అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడని ఏటా వాట్సాప్‌లో తిరిగే కబురు 2003 నాటిది. ఆ ఏడాది ఆగస్టు 27న బాగా దగ్గరికొచ్చినప్పుడు సైతం అతడి వెడల్పు చంద్రుడిలో డెబ్బయ్యో వంతుకి మించలేదు. సుమారు 26 నెలలకోసారి భూమికి దగ్గరవుతాడు, మిగతా కాలమంతా చిన్న ఎర్ర బొట్టే. శని వలయాలు 2025 మార్చిలో అంచు మనవైపు తిప్పి దాదాపు మాయమయ్యాయి. 2032 దాకా అవి మెల్లగా విచ్చుకుంటూ పోతాయి.

అపోహ: మెస్సియే పట్టికలో లేనిది చూడదగ్గది కాదు

షార్ల్ మెస్సియే తోకచుక్కల వేటగాడు. తోకచుక్కల్లా భ్రమపెట్టే మసక మచ్చల్ని జాబితా రాసుకుని 1781 నాటికి 103 దాకా చేర్చాడు. తర్వాతివాళ్లు దాన్ని 110 చేశారు. వాటిని ఎక్కువగా చూసింది పారిస్ నుంచి. ఆయన పట్టికలో అన్నిటికంటే దక్షిణాన ఉన్న ఏడో గుచ్ఛం తేలు తోక దగ్గర ఉంటుంది. అది పారిస్‌లో దిగంతం మీద 6 డిగ్రీలు లేస్తే గొప్ప. హైదరాబాద్‌లో 38 డిగ్రీలు లేస్తుంది. అంతకన్నా దక్షిణాన ఉన్నవి ఆయన కంటపడనే లేదు. వాటిలో పెద్దది ఒమేగా సెంటారి. దాదాపు కోటి నక్షత్రాల గుంపు, ఆకాశంలో పున్నమి చంద్రుడంత మేర. పారిస్‌లో అది ఉదయించదు. న్యూజెర్సీలో దిగంతం మీద పాకుతుంది, డల్లాస్‌లో పది డిగ్రీలకు కాస్త తక్కువ, విశాఖలో 25, తిరుపతిలో 29, మెల్‌బోర్న్‌లో దాదాపు నడినెత్తిన. ఉత్తర దేశాల్లో అచ్చయిన పుస్తకాలు పట్టుకుని ఆకాశం చూసే మనవాళ్లు దాన్ని వదిలేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

వెతకడం కష్టమేం కాదు. మే నెల మధ్యలో రాత్రి పది ప్రాంతంలో వశిష్ఠుడు, చిత్త, ఒమేగా సెంటారి దాదాపు ఒకేసారి తమ గరిష్ఠ ఎత్తుకి చేరతాయి: ఉత్తరాన ఒకటి, నడినెత్తికి కాస్త దక్షిణంగా ఒకటి, కింద దక్షిణాన ఒకటి. చిత్త నుంచి నిటారుగా దిగండి. చాచిన చేతి పిడికిలి సుమారు 10 డిగ్రీలు కాబట్టి మూడున్నర పిడికిళ్లు. పగలంతా కాగిన శ్లాబు సెగకి ఆ నెలలో ఎక్కువ రెట్లు పనిచేయవు గనక తక్కువ రెట్ల ఐపీస్ పెట్టి, దక్షిణం వైపు దీపాలు లేని మూల చూసుకుని కూర్చోండి.