అరవై నిండుతున్న అమ్మ: అపోహలు, వాస్తవాలు

1966 ఉగాదికీ 1967 ఉగాదికీ మధ్య పుట్టినవాళ్లది పరాభవ నామ సంవత్సరం. 2026 ఉగాదితో మొదలయ్యే ఏడాదికీ అదే పేరు. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లూ ఒక చుట్టు తిరిగి, పుట్టిన ఏటి పేరు మళ్లీ వచ్చే వయసు కాబట్టే మన పెద్దలు అరవైకి అంత విలువ ఇచ్చారు. గ్రహాల లెక్కా ఉంది. రాశిచక్రాన్ని చుట్టి రావడానికి బృహస్పతికి సుమారు 12 ఏళ్లు, శనికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. 60 ఏళ్లకు రెండూ దాదాపు బయలుదేరిన చోటికే చేరతాయి.

ఆ మైలురాయి దగ్గరపడుతున్న తల్లుల్ని చూడండి. ఒక పూట "హమ్మయ్య, బాధ్యతలు తీరాయి" అంటారు. ఇంకో పూట "ఇంకేముందిలే, అయిపోయింది" అంటారు. పొద్దున వీడియో కాల్‌లో మనవరాలి ముద్దుమాటలు విని మురిసిపోయిన మనిషే సాయంత్రం మోకాలు పట్టుకుని మెట్టు మీద కూర్చుని దిగులుపడుతుంది. రెండూ నిజమైన భావాలే. ఇంట్లోవాళ్లు మాత్రం వాటిలో ఒకదాన్నే ఒప్పుకుంటారు. రెండోదానికి ఏదో ఒక పేరు పెట్టి పక్కన పెట్టేస్తారు. ఆ పేర్ల గురించే ఈ వ్యాసం.

అపోహ: పిల్లలు స్థిరపడ్డారు, లోటేమీ లేదు. ఆవిడకు దిగులేమిటి? ఉన్నదాంతో తృప్తి లేకపోవడమే.

ఈ మాట తల్లుల్ని అన్నిటికంటే ఎక్కువగా గాయపరుస్తుందని నా నమ్మకం. ఎందుకంటే అది దిగులుకు తోడు నేరం చేసిన భావన కూడా అంటగడుతుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్సెన్ బృందం వయసుకూ భావోద్వేగాలకూ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశీలించింది. యువతీయువకుల నుంచి వృద్ధుల దాకా రకరకాల వయసులవాళ్లకు పేజర్లు ఇచ్చి, వారం పాటు రోజుకు ఐదుసార్లు, అవి మోగినప్పుడల్లా ఆ క్షణంలో ఏమనిపిస్తోందో రాయమన్నారు. ఐదేళ్లకు, పదేళ్లకు అదే మనుషుల్ని మళ్లీ అడిగారు. తేలిందేమిటంటే, వయసు పెరిగేకొద్దీ మనసు మొత్తం మీద కుదుటపడుతుంది. దాంతోపాటే సంతోషం, బాధ ఒకే క్షణంలో కలగలిసి ఉండటం కూడా ఎక్కువవుతుంది. మిగిలిన కాలం పరిమితమన్న ఎరుక కలిగినకొద్దీ దగ్గరివాళ్ల మీద, ఈ పూట మీద మమకారం పెరుగుతుందనీ, ఆ మమకారంలోనే వీడుకోలు బాధ కూడా కలిసి ఉంటుందనీ వాళ్ల వివరణ.

అంటే కొడుకు గృహప్రవేశంలో పాలు పొంగుతుంటే ఆనందిస్తూనే కళ్లు తుడుచుకునే తల్లికి తృప్తి లేదనుకోవడం పొరపాటు. ఇరవయ్యేళ్ల మనసుకు అంతగా చేతకాని పని ఆవిడ మనసు చేస్తోంది.

అపోహ: ఆడవాళ్లకు వయసు దిగులంటే అందం తగ్గుతోందన్న దిగులే.

అందులో కొంత నిజముంది, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. నలభై ఏళ్లుగా అద్దంలో చూసుకున్న ముఖం మారుతుంటే ఎవరికైనా కలుక్కుమంటుంది. కానీ మనసు విప్పి మాట్లాడే తల్లుల నోట ముందుగా వచ్చేవి వేరే మాటలు. తన తల్లి ఏ వయసులో పోయిందో ఆ వయసుకు తాను ఎంత దూరంలో ఉందన్న లెక్క ఒకటి. "ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోతే చాలు" అన్నది ఇంకొకటి. ఈ రెండోదానికి డబ్బుతోనూ సంబంధం ఉంది. తన పేర ఉన్న ఇల్లో పొలమో పిల్లలకు రాసిచ్చేస్తే తన చోటు ఏమవుతుందన్న భయం చాలామందిలో ఉంటుంది, పైకి అనరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షన్ ప్రకారం, తనను చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు ఆ షరతు తప్పితే, ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. కాబట్టి రాసిచ్చేటప్పుడే ఆ షరతును దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవాలి. తల్లి ఈ మాట అడిగితే అది అపనమ్మకమని నొచ్చుకోకండి. ఆ ఒక్క వాక్యంతో ఎన్నో రాత్రుల భయం తీరుతుంది.

అపోహ: షష్టిపూర్తి దంపతులిద్దరిదీ కదా, ఆవిడకూ జరిగినట్టే.

పీటల మీద ఇద్దరూ కూర్చుంటారు, మళ్లీ మంగళసూత్రం కడతారు, పిల్లలు దగ్గరుండి పెళ్లి చేసినట్టు చేస్తారు. అందమైన వేడుక అది. అయితే మామూలుగా లెక్క చూసేది భర్త వయసుకు. అప్పటికి భార్యకు ఏ యాభై మూడో, యాభై ఐదో ఉంటుంది. ఆ తర్వాత ఆవిడకు నిజంగా అరవై నిండే రోజు చాలా ఇళ్లలో మామూలు మంగళవారంలాగే గడిచిపోతుంది. భర్త ముందే పోతే మరీ కష్టం. ఆయన 60 నిండకుండా కన్నుమూస్తే, ఆవిడ అరవైకి చేసే వేడుకంటూ మన ఆచారంలో కనిపించదు. ఈ ఖాళీని ఇళ్లలోనే పూడ్చాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. దానికి శాస్త్రం అడ్డురాదు. ఆవిడ అక్కచెల్లెళ్లను, చిన్ననాటి స్నేహితురాళ్లను పిలిచి భోజనం పెట్టడానికి ఏ పంతులు గారి అనుమతీ అక్కర్లేదు.

పుట్టినరోజు ఎప్పుడన్నది కూడా ఆవిడనే అడగండి. ఆ తరంలో చాలామందికి బళ్లో వేసిన తేదీ ఒకటి, ఇంట్లో చెప్పుకున్న తిథి ఇంకొకటి. ఆధార్ కార్డు మీదున్న రోజున వాట్సాప్‌లో వచ్చి పడే శుభాకాంక్షలకు ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. తనదనుకునే రోజు ఏ శ్రావణ శుక్రవారం పక్కనో ఉంటుంది. "నాకెందుకమ్మా ఇవన్నీ" అంటే అక్కడితో ఆపేయకండి. నిజంగా వద్దనుకునేవాళ్లూ ఉంటారు, ఇంకోసారి అడిగితే బాగుండుననుకునేవాళ్లూ ఉంటారు. మీ అమ్మ ఎవరో మీకు తెలుస్తుంది.

అపోహ: పిల్లలు ఎగిరిపోయాక ఇల్లు బోసిపోయి తల్లి కుంగిపోతుంది.

కొందరి విషయంలో నిజం, అందరి విషయంలో కాదు. అమెరికాలో మిల్స్ కాలేజీలో చదువుకున్న మహిళల్ని పరిశోధకులు దశాబ్దాల పాటు గమనించారు. పిల్లలు ఇల్లు వదిలాక వాళ్లలో దాంపత్య సంతృప్తి పెరిగిందని 2008లో ప్రచురించారు. భార్యాభర్తలు కలిసి గడిపే సమయం పెరగడం కంటే, ఆ సమయాన్ని ఆస్వాదించడం పెరగడమే కారణమని తేల్చారు. మన ఇళ్లలో అసలు ఇల్లు ఖాళీ కావడమే తక్కువ. కూతురి పురిటికి డాలస్, కోడలి పురిటికి న్యూజెర్సీ. విజిటర్ వీసా మీద వెళ్లి, అక్కడ వంటా పసిబిడ్డా చూసుకుని తిరిగొచ్చేసరికి ఇక్కడ అత్తగారికో మామగారికో మందులిచ్చే పని ఎదురుచూస్తుంటుంది. అందుకే చాలామంది తల్లుల దిగులు పని లేకపోవడం వల్ల వచ్చింది కాదు. అరవై వస్తున్నా తనకంటూ ఒక పూట దొరకని అలసట అది.

అపోహ: ఇక కృష్ణా రామా అనుకుంటూ కూర్చునే వయసు.

భక్తి ఆవిడ ఇష్టం. ఇతరులు ఆదేశించకూడదు. మన రాష్ట్ర ప్రభుత్వాలే 60కి ఇంటికి పంపడం లేదు. ఉద్యోగ విరమణ వయసు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. దేశంలో 60 నిండిన మహిళ సగటున ఇంకో 18, 19 ఏళ్లు బతుకుతుంది. భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1989లో 60 ఏళ్లకు పదవీ విరమణ చేశారు. తొంభై దాటాక కూడా విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి విద్యార్థులకు పాఠాలు చెప్పారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కూలిపని చేసుకుంటూ, బీడీలు చుట్టుకుంటూ బతికిన గంగవ్వ, మనవలు పుట్టాక కెమెరా ముందుకొచ్చి రాష్ట్రమంతా తెలిసిన మనిషి అయింది. అందరూ అలా కావాలని కాదు. ఆశ పడటానికి గడువు తీరిపోలేదని చెప్పడానికే ఈ పేర్లు.

శరీరం సంగతీ అంతే. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం సగటున తొంభై ఏళ్ల వయసున్న పదిమంది చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించింది. కండరాల బలం రెట్టింపుకు పైగా పెరిగింది. అరవై దాకా వచ్చిన అమ్మకు డాక్టర్‌ను అడిగి తేలికపాటి బరువులతో మొదలుపెట్టడం ఆలస్యమేమీ కాదు.

అపోహ: ఈ వయసులో నొప్పులు, నిద్ర పట్టకపోవడం, నీరసం, దిగులు అన్నీ మామూలే.

ఇది ప్రమాదకరమైన అపోహ. తెలుగు రాష్ట్రాల్లో ఇది ప్రమాదకరం కావడానికి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. చాలామందికి ఆ ఆపరేషన్ ముప్పైల్లోనే అయింది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే నెలసరి నిలిచాక రావాల్సిన మార్పులన్నీ ఆ రోజు నుంచే మొదలవుతాయి. ఎముకల క్షీణత అన్నిటికంటే వేగంగా సాగేది ఆ తర్వాతి ఐదారేళ్లలోనే. అంటే అరవైకి చేరువవుతున్న కొందరు తల్లుల ఎముకలు పాతికేళ్లుగా పలచబడుతూ ఉండొచ్చు. "మోకాళ్ల నొప్పులే కదా" అని సరిపెట్టకుండా ఆ ఆపరేషన్ ఏ వయసులో జరిగిందో, ఏమేం తీశారో డాక్టర్‌కు చెప్పాలి, ఎముకల సాంద్రత పరీక్ష గురించి అడగాలి. థైరాయిడ్ లోపం, బీ12 లోపం కూడా నీరసంగా, దిగులుగా, మతిమరుపుగా బయటపడతాయి. రెండూ రక్తపరీక్షతో తెలుస్తాయి, మందులతో సర్దుకుంటాయి.

మొదట్లో చెప్పిన కలగలుపు దిగులు వేరు, డిప్రెషన్ వేరు. మొదటిది వచ్చిపోతుంటుంది, మధ్యలో ఆవిడ నవ్వుతుంది, కూర రుచి చూసి ఉప్పు చాలలేదంటుంది. రెండోది రెండు వారాలకు మించి, దాదాపు రోజంతా ఉంటుంది. ఇష్టమైన పనులు రుచించవు, తిండి, నిద్ర దెబ్బతింటాయి, తాను పనికిరాననీ బతకడం దండగనీ అనిపిస్తుంది. అది వయసు లక్షణం కాదు, చికిత్స ఉన్న జబ్బు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆవిడ చేయలేకపోతే పక్కన కూర్చుని మీరే కలిపి ఇవ్వవచ్చు.