సంతకం గిటార్‌ది, శ్రుతి మనది

పిల్లలూ, ఈ పాఠం ఒక ఎలక్ట్రిక్ గిటార్ గురించి. తెలుగు పాఠంలో గిటార్ ఎందుకూ అంటారేమో. చదవండి, చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను షికాగో దగ్గర ఉంటాను. నాలుగేళ్ళు డబ్బు దాచుకుని, ఒక పెద్ద సిగ్నేచర్ గిటార్ కొనుక్కున్నాను. ఎవరో వాడినదే, అయినా నాకు అది ఖరీదే. అక్టోబర్‌లో ఇంటికి తెచ్చినప్పుడు హాయిగా పలికింది. జనవరి వచ్చేసరికి ఏ స్వరం నొక్కినా తీగ జిర్రుమనడం మొదలుపెట్టింది. "అయ్యో, మోసపోయాను" అనుకున్నాను. అమ్మేద్దామని ఫొటోలు కూడా తీశాను.

ఆ రాత్రే బొబ్బిలి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ వీణ వాయిస్తుంది. నా గోడంతా విని ఇలా అంది:

"ఒరేయ్, ఎండాకాలంలో మన వీణ మెట్ల కింద మైనం మెత్తబడి స్వరం పక్కకు పోయేది, గుర్తుందా? అప్పుడు వీణ అమ్మేశామా? మళ్ళీ మేళం కట్టించుకున్నాం. నీ గిటార్‌కీ అలాంటిదేదో ఉండే ఉంటుంది. ముందు అది చూడు."

ఉంది. దాన్నే సెటప్ అంటారు.

సిగ్నేచర్ గిటార్ అంటే ఏమిటి?

సిగ్నేచర్ అంటే సంతకం. ఒక పెద్ద కళాకారుడు తనకు ఎలాంటి గిటార్ కావాలో కంపెనీకి చెబుతాడు. మెడ ఎంత సన్నగా ఉండాలి, ఎన్ని మెట్లు ఉండాలి, శబ్దం ఎలా రావాలి, అన్నీ చెబుతాడు. కంపెనీ అలా తయారుచేసి ఆయన పేరు మీద అమ్ముతుంది.

ఈ పద్ధతి పాతదే. గిబ్సన్ కంపెనీ 1952లోనే లెస్ పాల్ అనే కళాకారుడి పేరుతో గిటార్ తెచ్చింది. ఫెండర్ కంపెనీ 1988లో ఎరిక్ క్లాప్టన్ పేరుతో తెచ్చింది. ఈ రెండిటికీ మధ్య, 1987లో, జపాన్ కంపెనీ ఐబనెజ్ అమెరికా కళాకారుడు స్టీవ్ వాయ్ కోసం జెమ్ అనే గిటార్ చేసింది. నా దగ్గర ఉన్నది ఆ జెమ్ రకమే.

జెమ్‌ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. దాని ఒంట్లో చెయ్యి పట్టేంత కంత ఉంటుంది, సూట్‌కేసు పిడిలాగా! కొన్ని మోడళ్ళలో మెడ పొడవునా పూలతీగ బొమ్మ పొదిగి ఉంటుంది. తెలుగులో తీగ అంటే మొక్క తీగ, వాద్యం తీగ రెండూ కదా. ఈ గిటార్ మీద రెండు తీగలూ ఉన్నాయన్నమాట.

ఇంకో తమాషా. జెమ్‌కి 24 మెట్లు. మన వీణకూ 24 మెట్లే. ఇంగ్లీషులో ఫ్రెట్ అంటారే, దాన్ని మనవాళ్ళు చక్కగా మెట్టు అన్నారు. స్వరం ఒక్కో మెట్టు ఎక్కుతూ పైకి పోతుంది కాబట్టి.

అయితే ఒక తేడా ఉంది. వీణ మెట్లను మైనం మీద నిలబెడతారు. స్వరం తప్పితే మెట్టునే జరపొచ్చు. దీన్నే వైణికులు మేళం కట్టడం అంటారు. గిటార్ మెట్లు మెడలోకి దిగగొట్టి ఉంటాయి, కదలవు. కాబట్టి గిటార్‌లో మెట్టు తప్ప మిగతావన్నీ సరిచేయాలి.

మొదటి పని: మెడ

గిటార్ మెడ చెక్క. చెక్క గాలిలో తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. మా ఊళ్ళో చలికాలం రోజంతా హీటర్ నడుస్తుంది. ఇంట్లో గాలి ఎండిపోతుంది. మన పెదవులు పగిలినట్టే చెక్క కూడా తడి కోల్పోతుంది. మెడ నిటారుగా అయిపోయి తీగలు మెట్ల మీదికి దిగుతాయి. అందుకే ఆ జిర్రు శబ్దం. ఎవరూ నన్ను మోసం చేయలేదు. చలికాలం వచ్చింది, అంతే.

మెడ మరీ నిటారుగా ఉండకూడదు. తీగ ఊగడానికి చోటు కావాలి కదా, అందుకని రవ్వంత వంపు ఉండాలి. ఎంత? తీగను మొదటి మెట్టు దగ్గర ఒక వేలితో, మెడ ఒంటికి కలిసే చోట ఇంకో వేలితో నొక్కండి. ఎనిమిదో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడండి. 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. మామూలు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్. అంటే రెండు కాగితాలు పట్టేంత సందు. నా గిటార్‌లో ఒక్క కాగితం కూడా పట్టలేదు!

మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉంటుంది. బిగిస్తే మెడ నిటారుగా అవుతుంది. వదులు చేస్తే తీగల లాగుడుకు కొంచెం ముందుకు వంగుతుంది. నేను వదులు చేయాలి. కానీ ఒక్కసారే గట్టిగా తిప్పేస్తే? ఎక్కువ బిగిస్తే కడ్డీ తెగిపోవచ్చు, మెడ పాడైపోవచ్చు. అందుకని చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మర్నాడు చూశాను. రెండు రోజులు ఓపిక పడితే రెండు కాగితాల సందు వచ్చింది. గదిలో తేమ 45 శాతం దగ్గర ఉండేలా ఒక చిన్న హ్యుమిడిఫైయర్ కూడా పెట్టాను.

మీరు ఈ పని పెద్దవాళ్ళు పక్కన లేకుండా చేయకండి. తొందరైతే అసలే వద్దు.

రెండో పని: తూకం

ఇక్కడ నేను పెద్ద తప్పు చేశాను. కొత్త తీగలు వేద్దామని పాతవి ఆరూ ఒకేసారి తీసేశాను. అంతే, బ్రిడ్జ్ వెనక్కి కూలబడిపోయింది. తీగల కింది కొసలను పట్టుకునే ఇనుప భాగమే బ్రిడ్జ్.

ఎందుకలా అయింది? జెమ్‌లో బ్రిడ్జ్ గట్టిగా బిగించి ఉండదు. రెండు చిన్న స్తంభాలకు ఆనుకుని తేలుతూ ఉంటుంది. ఒకవైపు ఆరు తీగలు లాగుతాయి. సన్న తీగల సెట్ అయితే ఆరూ కలిపి సుమారు 38 కిలోల బలంతో లాగుతాయి. రెండోవైపు, గిటార్ వెనక గుంటలో ఉన్న స్ప్రింగులు లాగుతాయి. రెండూ సమానంగా ఉంటేనే బ్రిడ్జ్ నిలబడుతుంది. ఆటస్థలంలో తాడు లాగే ఆట ఆడతారు కదా, అచ్చం అలాగే. ఒక జట్టు తాడు వదిలేస్తే రెండో జట్టు వెల్లకిలా పడుతుంది.

అందుకే ఇలాంటి గిటార్‌కి ఒక్కో తీగే మార్చాలి. ఒకటి తీయడం, ఒకటి వేయడం, శ్రుతి చేయడం. తర్వాత రెండోది. వాయిస్తుండగా ఒక తీగ తెగినా చూడండి, మిగతా ఐదింటి శ్రుతి పైకి పోతుంది. ఒక ఆటగాడు వెళ్ళిపోయాడు కాబట్టి స్ప్రింగులు వాటిని ఇంకా లాగుతాయి.

కొత్త తీగలు లావుగా ఉంటే అవి ఎక్కువగా లాగుతాయి, బ్రిడ్జ్ వెనక అంచు పైకి లేస్తుంది. అప్పుడు వెనక గుంటలో స్ప్రింగులను పట్టుకున్న రెండు మరలను కొంచెం బిగించాలి. బ్రిడ్జ్ గిటార్ ఒంటికి సమానంగా ఉండాలి. మర తిప్పిన ప్రతిసారీ శ్రుతి మారుతుంది. మళ్ళీ శ్రుతి చేయాలి, మళ్ళీ చూడాలి. నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

మూడో పని: ఎత్తు

ఇప్పుడు తీగల ఎత్తు. పన్నెండో మెట్టు దగ్గర కొలుస్తారు. సన్న తీగ కింద సుమారు 1.5 మిల్లీమీటర్లు, లావు తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. మరీ కిందికి దింపితే జిర్రుమంటుంది. మరీ పైకి లేపితే వేళ్ళు నొప్పి పుడతాయి. ఇందులో ఒకే సరైన లెక్క లేదు. మీ చెయ్యి ఏం చెబితే అదే.

నాలుగో పని: అమ్మ చెవి

అన్నీ అయ్యాయి. ట్యూనర్‌లో ఆరు తీగలకూ పచ్చ దీపం వెలిగింది. అమ్మకు ఫోన్ చేసి గర్వంగా వినిపించాను. ఆవిడ ఓ నిమిషం విని, "కింద బాగుంది రా. పైకి వెళ్ళేకొద్దీ స్వరం కాస్త ఎక్కువ పలుకుతోంది" అంది.

నేను పన్నెండో మెట్టు నొక్కి ట్యూనర్‌లో చూశాను. అమ్మ చెప్పిందే నిజం!

ఇది లెక్కతో తెలుసుకోవచ్చు. నా గిటార్ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర ఉంటుంది. తీగ సగమైతే కంపనం రెట్టింపవుతుంది. ఐదో తీగ ఊరికే మీటితే సెకనుకు 110 సార్లు కంపిస్తుంది. పన్నెండో మెట్టు నొక్కితే 220 రావాలి. కింది షడ్జమం, పై షడ్జమం అన్నమాట.

కానీ నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది, స్వరం కొంచెం పెరుగుతుంది. దానికి సరిపడా తీగను రవ్వంత పొడవు చేయాలి. బ్రిడ్జ్ మీద ఒక్కో తీగకు ఒక్కో చిన్న దిమ్మ ఉంటుంది. స్వరం ఎక్కువ పలికితే దాన్ని వెనక్కి జరపాలి, తక్కువ పలికితే ముందుకు. తీగను వదులు చేశాకే జరపాలి. వీణకు మెట్టు జరుపుతారు, గిటార్‌కు తీగ కొస జరుపుతారు. పని ఒకటే.

మరి సంతకం ఎందుకు?

గిటార్ మీద స్టీవ్ వాయ్ పేరుంటే మనం స్టీవ్ వాయ్ అయిపోం. ఆ సంతకం చెప్పేది ఒక్కటే: ఒకాయన తన చేతికీ చెవికీ ఏం కావాలో బాగా తెలుసుకున్నాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారూ అలాగే చేశారు. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలుంటాయి. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక సంగీతం వాయించారు. వాద్యాన్ని తన సంగీతానికి తగ్గట్టు మలచుకున్నారు.

సెటప్ అంటే కూడా అదే. ఇప్పుడు ప్రతి చలికాలం మొదట్లో నేను రెండు కాగితాలు తీసుకుని గిటార్ దగ్గర కూర్చుంటాను. అయ్యాక అమ్మకు ఫోన్ చేస్తాను. ట్యూనర్ సరే అన్నా, ఆవిడ "ఊఁ, కుదిరింది" అనేదాకా పని అయినట్టు కాదు.

కొత్త మాటలు

గోడు – మనసులో బాధ చెప్పుకోవడం
మైనం – తేనెపట్టు నుంచి వచ్చే మెత్తటి పదార్థం
వైణికులు – వీణ వాయించేవాళ్ళు
తేమ – గాలిలో ఉండే తడి
సందు – రెండు వస్తువుల మధ్య చిన్న ఖాళీ
మర – తిప్పి బిగించే మేకు
రవ్వంత – చాలా కొంచెం

మీరు చేయండి

1. ఒక తీగ తెగితే మిగతా తీగల శ్రుతి ఎందుకు పైకి పోతుంది? తాడు ఆటతో పోల్చి మూడు వాక్యాలు రాయండి.
2. గిటార్‌లో ఒక్కో మెట్టు ఎక్కడ వస్తుందో తెలియాలంటే మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తారు. 648ని భాగిస్తే సుమారు 36.4 మిల్లీమీటర్లు. అది మొదటి మెట్టు చోటు. మరి మొదటి మెట్టు నుంచి రెండో మెట్టు ఎంత దూరం? మెట్లు దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా?
3. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసి, వాళ్ళింట్లో ఏదైనా వస్తువును పారేయకుండా బాగుచేసుకున్న కథ అడగండి. తెలుగులో రాసి, వాళ్ళకే చదివి వినిపించండి.