చిటికెడు ఉప్పులోని మేలు

గోవాడలో ధనికుని యింటి కూర వేఱు, కూలివాని యింటి కూర వేఱు. ఉప్పు మాత్రము ఇరువురికిని ఒక్కటియే. దానిని మానువారు లేరు, చేటలతో తినువారును లేరు. ఆహారమందు కొఱవడిన పోషకమును అందఱికిని చేర్చుటకు శాస్త్రజ్ఞులు ఇట్టి రుచిద్రవ్యముల నెన్నుకొనుటకు ఇదియే కారణము. ఇండొనీషియాలో రుచికై వాడు పొడియందు ఏ విటమినును, వియత్నాములో చేపల రసమందు ఇనుమును కలిపి చూచిరి. మన దేశమున ఉప్పునకు అయొడీనును చేర్చిరి. ఇది విటమిను గాక ఖనిజమే యైనను, విటమినువలెనే మిక్కిలి స్వల్పముగా కావలసినది.

మెడలోని థైరాయిడు గ్రంథి పనిచేయుటకు అయొడీను అవసరము. అది చాలనిచో గ్రంథి ఉబ్బి గళగండమగును. గర్భిణికి మిక్కిలి కొఱవడినచో శిశువు బుద్ధి యెదుగక, చెవుడు, మూగతనములతో పుట్టవచ్చును. గర్భమందు కలిగిన ఈ లోపమును పిమ్మట ఏ ఉపాధ్యాయుడును తీర్పజాలడు. వానలకు సారము కొట్టుకొనిపోయిన కొండసీమల మట్టిలో అయొడీను తక్కువగుటచే, అచ్చటి పంటలందును అది తక్కువే.

దీనికి మార్గము చూపినవారిలో ముఖ్యులు మన ప్రాంతమువారే. శ్రీకాకుళమున 1921లో జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు, తమ సహచరులతో హిమాలయముల చెంతనున్న కాంగ్రా లోయను మూడు భాగములు చేసి, 1956 మొదలు రెండింటికి అయొడీను ఉప్పును, ఒకదానికి సాదా ఉప్పును అందునట్లు చేసిరి. కొన్ని యేండ్లకు మొదటి రెండింట గళగండము బాగుగా తగ్గెను; మూడవదానియందు అంతగా తగ్గలేదు. పిదప దానికిని అయొడీను ఉప్పే యిచ్చిరి. 1962లో జాతీయ గళగండ నివారణ పథకము ఆరంభమయ్యెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మఱియొక అడుగు వేసి, రక్తహీనతను తగ్గించుటకై ఇనుమును కూడ కలిపిన ఉప్పును సిద్ధపఱచిరి. ఇనుము తోడైనచో అయొడీను నిలువదు గనుక, దానిని నిలుపుటకు వేఱొక ద్రవ్యమును చేర్చిరి.

ఉప్పు మనయింటికి చేరునప్పటికి కిలో ఒకటికి కనీసము 15 మిల్లీగ్రాముల అయొడీను ఉండవలెనని నియమము కలదు. దానిని కాపాడుట తల్లుల చేతిలోనిది. పొట్లముపై అయొడీను పేరు చూచి కొనుడు. మూతగల పాత్రలో, పొయ్యికిని తడికిని దూరముగా నుంచుడు. కల్లుప్పును కడిగినచో అయొడీను నీటిపాలగును. కూర దింపుటకు ముందు ఉప్పు వేయుట మేలు. అయినను, మంచిదని యధికముగా తినరాదు, రక్తపుపోటు పెరుగును. దినమునకు ఒక చిన్న చెంచాకు మించకుండుట మంచిది.