గోళీలు ఎంత చెదిరాయి?

ముగ్గురు పిల్లలు తలా ఐదు గోళీలు విసిరారు. ఎవరివి ఎక్కువ చెదిరాయో చూడగానే తెలుస్తుంది. దాన్ని అంకెల్లో ఎలా చెప్పాలి?

జపాన్‌లో గణిత బోధనపై పరిశోధించిన షిగేరు షిమాదా, ఆయన సహచరులు 1970లలో రూపొందించిన ప్రశ్న ఇది. ఇలా చాలా జవాబులున్న ప్రశ్నలపై వారి పుస్తకం 1977లో వెలువడింది. గోళీలను కలిపి గీసిన బహుభుజి వైశాల్యం చూడాలని ఒకరంటే, చుట్టుకొలత చాలని మరొకరు అనవచ్చు. బాగా ఎడంగా పడిన రెండు గోళీల మధ్య దూరం కూడా జవాబే. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఐదూ ఒకే గీత మీద పడితే, ఎంత చెదిరినా వైశాల్యం సున్నాయే! జవాబులు చాలా ఉన్నా అన్నీ ఒకే విలువైనవి కావు. ఏది ఎక్కడ పనికిరాదో పిల్లలే వాదించుకుని తేల్చుకోవాలి.

ఇలాంటి ప్రశ్నకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, మామూలు లెక్కను తిరగేస్తే చాలు. పొడవు 6, వెడల్పు 4 ఇచ్చి చుట్టుకొలత అడిగితే 20 అని చెప్పి పిల్లలు పలక పక్కన పెట్టేస్తారు. చుట్టుకొలత 20 సెంటీమీటర్లు వచ్చేలా దీర్ఘచతురస్రాలు గీయమంటే? చతురస్రాన్నీ కలుపుకుంటే పూర్ణసంఖ్యల్లోనే ఐదు దొరుకుతాయి. చుట్టుకొలత ఒకటే అయినా వైశాల్యం 9 నుంచి 25 చదరపు సెంటీమీటర్ల దాకా మారుతుంది. భిన్నాలు వాడొచ్చా అని ఎవరైనా అడిగితే ఇక జవాబులకు అంతే ఉండదు.

టీచరు మాత్రం రాగల జవాబులన్నీ ముందే రాసుకుని, వేటిని పక్కపక్కన పెట్టి చర్చించాలో ఆలోచించుకుని తరగతికి రావాలి.