రేకుల్లో మాట మిగిలింది... మరి పాట?

హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లే రైలు దారిలో వస్తుంది పెనుకొండ. 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. అంతకు వందేళ్ల ముందే ఇక్కడ ఓ పాట రాజును ఎదిరించింది!

వేంకటేశుడి మీద అన్నమయ్య కట్టిన శృంగార పదం విని మురిసిన సాళువ నరసింహరాయలు, తన మీదా అలాంటిది పాడమన్నాడట. హరిని పొగిడిన నోటితో నరుణ్ని పొగడనన్నాడు అన్నమయ్య. సంకెళ్లు పడ్డాయి. పాట పాడితే అవి వీడిపోయాయంటుంది ఆయన మనవడు చిన్నన్న రాసిన 'అన్నమాచార్య చరిత్రము'.

అన్నమయ్య పాటలు 32 వేలని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. ఇప్పుడు దొరుకుతున్నవి సుమారు 12 వేలు. ఆ మాత్రమైనా ఎలా మిగిలాయి?

తాటాకు నుంచి రాగికి...

తాటాకుకు చెదలు, తడి, నిప్పు... అన్నీ శత్రువులే. అందుకే 16వ శతాబ్దంలో కొడుకు పెద తిరుమలాచార్యులు తండ్రి పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. ఆధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. ప్రతి పాటకూ రాగం పేరు రాయించారు. రేకుల్ని తిరుమల ఆలయంలోనే 'సంకీర్తన భండారం' అనే చిన్న అరలో భద్రపరిచారు.

రేకులకు ఎక్కనివాటి గతి వేరు. అన్నమయ్య సంస్కృతంలో రాసిన 'సంకీర్తన లక్షణం' పోయింది. మనవడు చిన తిరుమలాచార్యులు చేసిన తెలుగు సేత మిగలబట్టి అందులో ఏముందో తెలిసింది.

కాలక్రమంలో అర సంగతే మరుగున పడింది. 1920ల్లో దేవస్థానం శాసన పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి కృషితో రేకులు వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకర శాస్త్రి వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చుకెక్కించారు.

స్వరం ఏదీ?

అసలు చిక్కు అక్కడే మొదలైంది. రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. కొండమలహరి లాంటి రాగాలు వాడుకలోంచే పోయాయి.

వేదానిది సరిగ్గా దీనికి ఎదురు కథ. రాతను నమ్ముకోకుండా పదం, క్రమం, జట, ఘన అంటూ మాటల్ని ముందుకూ వెనక్కూ తిప్పి వల్లించి, గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి స్వరంతో సహా అందించారు. అదే విజయనగరంలో బుక్కరాయల కాలంలో సాయణుడు భాష్యం రాసేనాటికి వేదం వేల నోళ్లలో బతికే ఉంది. అన్నమయ్య పాటకు రాగి దొరికింది కానీ, ఆ గురుశిష్యుల వరస తెగిపోయింది.

అనంతపురం గొంతు

తెగిన దారాన్ని ముడివేసిన వారిలో ముందువరసలో ఉన్నది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టారు. పెనుకొండ కొండ మీద పాట రాసిన కవి. మైసూరు మహారాజా కళాశాలలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు బోధించి, 1950లో తిరుపతి వచ్చారు. వేటూరి వదిలివెళ్లిన పని అందుకున్నారు. సంపుటాలు పరిష్కరించడమే కాదు, వందకు పైగా కీర్తనలకు బాణీలు కట్టి స్వరపరిచారు. 1979లో టీటీడీ ఆస్థాన విద్వాంసుడిగా సన్మానం అందుకున్న రోజే కన్నుమూశారు.

తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివారు మరెన్నో పాటలకు గొంతునిచ్చారు. అంటే పూజగదిలో మనం వినే అన్నమయ్య కీర్తనల్లో మాట 15వ శతాబ్దిది, బాణీ చాలావరకు 20వ శతాబ్దిది!

ఇంకా వేల పాటలు పుస్తకాల్లోనే ఉన్నాయి... పాడేవాళ్ల కోసం ఎదురుచూస్తూ.